బతికినవాటి నెత్తురు

చిబేలా చేరేసరికి ఇంకా తెల్లవారలేదు.
కోళ్లు గూడు దిగకముందే పట్టుకోవాలి,
దిగాక ఒక్కటీ చిక్కదు.

డొడోమా వైపు పల్లెల్లో
కోళ్లు మనుషులతోనే పడుకుంటాయి,
మట్టికప్పు కింద, జొన్నగాదె వెనక.
సెచెలెలా చీకట్లోకి చెయ్యి పోనిచ్చి
బరువును బట్టి పేరు చెప్పి అందించింది.
ఇది అప్పు తీర్చేది. ఇది బోడిమెడది.
ఇది చర్చికి అనుకున్నది, ఎక్కువ నొప్పించకు.

రెక్క విప్పుతాను, ఈకలు తడుపుతాను,
లోపలివైపు నీలంగా తేలే నరం కోసం.
సూది దిగితే పెట్ట అరవదు,
కన్ను ఒక్కసారి మూసి తెరుస్తుంది
కింది రెప్పని పైకి లాక్కుని.
రెండు మిల్లీలీటర్లు. దూది. నంబరు.
మనవడు యోనా ఒక చేత్తో టార్చి పట్టుకుని
సీసాల మీద అంకెలు వేస్తున్నాడు.
వాడికి ఏడు ఇంకా తిరగబడే వస్తుంది.

ఎందుకిదంతా అంది.
టీకా ఎరగని కోడి నెత్తురులో
వచ్చిపోయిన తెగులు జాడ మిగిలి ఉంటుందనీ,
వందకి ఎన్నింటిలో ఉందో తేలితే
ఈ జిల్లాలో అదెంత పాతుకుందో తెలుస్తుందనీ చెప్పాను.
పుస్తకాల్లో దాని పేరు
సముద్రాలవతలి ఒక బొగ్గు ఊరి పేరు.
ఇక్కడ కిడేరి అంటే చాలు, ఆడవాళ్లు వాకిలి మూస్తారు.

పొయ్యి రాజేసింది. పొగలోంచి అంది:
"అంటే, బతికినవాటినే అడుగుతున్నావు."

గాదె మీంచి సొరబుర్ర దించి చాప మీద ఒంపింది.
విత్తనాలనుకున్నాను.
ఎండిన కోడిగోళ్లు,
పోయిన కోడికి ఒకటి చొప్పున.

పోయినేడు గాలుల నెలలో
పెళ్లివిందుకని బస్సు పైన కట్టుకొచ్చిన పుంజు
ఎదురింటి వాకిట్లో తుమ్మిందట.
మూడోనాటికి పచ్చటి రెట్టలు.
ఐదోనాటికి మెడలు మెలిపడి
ఆకాశంలో ఏదో జారవిడుచుకున్నట్టు పైకే చూస్తూ
ఉన్నచోటనే తిరిగి, తిరిగి, కూలడం.
పొదిగే పెట్ట గుడ్ల మీదే పోయింది.
తీసి చూస్తే గుడ్లు వెచ్చగా ఉన్నాయి,
ఆ మాట దగ్గర ఆగి కట్టె ఎగదోసింది.

గోళ్లు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ,
ఇది యోనా బడిచొక్కా.
ఇది నా కంటి ఆపరేషనుకి పట్నం బస్సు టిక్కెట్టు.
ఇది ఉప్పు. ఇదీ ఉప్పే.
ఇది ఏమీ కాదు,
ఊరికే నా వెంట తిరిగేది.

నా ఫారంలో ఒకటే గడి: తీసిన నమూనాలు.
పదకొండు అని రాశాను.
చాప మీద ముప్ఫైనాలుగు ఉన్నాయి.
మార్జినులో రాద్దామని పెన్ను పెట్టి
ఏ తలకట్టు కింద రాయాలో తెలియక తీసేశాను.

మూడు వారాలకి ఫలితం పట్టుకెళ్లాను.
పదకొండులో నాలుగు.
వందకి ఎంతో ఆమె అడగలేదు,
ఏ నాలుగో చెప్పమంది.
తిరగబడ్డ ఏడో నంబరు ఉందన్నాను.
బోడిమెడది, అంది వెంటనే.
ఆరు రోజులు నా ఒళ్లో తలవాల్చింది,
గంజినీళ్లు వేలితో పట్టాను,
నాకు తెలీదా?

ఈసారి సూది తేలేదు.
చిన్న ప్లాస్టిక్ సీసా,
కోడికి కంట్లో ఒక్క చుక్క,
నాలుగు నెలలకోసారి మరవకుండా.
మరి కోడిపిల్లలకో?
వాటికీ అంతే.
చివర మిగిలినది నా కంట్లో వెయ్యకూడదా
అని నవ్వింది, పొర కమ్మిన కన్ను
వెలుతురు కేసి తిప్పి.
నాకు నవ్వాలో లేదో తెలియలేదు.

మొదటి పెట్ట తల విదిల్చింది.
చుక్క లోపల నిలిచిందో, నేలపాలైందో
టార్చి దగ్గరగా పెట్టి చూస్తున్నాడు యోనా.